పొద్దున్న వైద్యం, మధ్యాహ్నం గురక

లాడ్జి,
మెట్ల పక్క గది.

ఒరేయ్ బావమరిదీ,

నేను క్షేమం. నువ్వు క్షేమమో కాదో నువ్వే రాయి, అన్నీ నేనే ఎందుకు రాయాలి.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఏంటని ముఖం చిట్లించకు. ఫోను చేస్తే మీ అక్క గోడ అవతల నుంచి కూడా వింటుంది. మన ఇంటి గోడలు గోడలు కావు, దుప్పట్లు. నా గురక వీధి చివరి దాకా పాకిందంటే ఆ గోడల చలవే గానీ అందులో నా గొప్పేం లేదు. అందుకే నీ ఆస్పత్రి అడ్రసుకి రాస్తున్నా. పళ్ళ డాక్టరుగారి కంటపడకుండా ఆ కట్టుడు పళ్ళ డబ్బాల వెనక నక్కి చదువుకో.

నేను బయల్దేరినప్పుడు నువ్వు గుమ్మంలోనే ఉన్నావు కదా, నా సామాన్ల పెట్టె పట్టుకుని ఆకాశంలోకి చూస్తూ. మీ అక్క ఏమందో విన్నావు. "ఆ గురక వదిలించుకుని వస్తే రండి. లేకపోతే ఆ లాడ్జీల్లోనే కాపురం పెట్టుకోండి" అంది. కోపంగా అని ఉంటే నాకు భయం లేదు. కోపం వచ్చిన మనిషికి కోపం పోతుంది కూడా. మీ అక్క బేకరీలో బన్నులు లెక్కపెట్టినంత మామూలుగా అంది. అది నాకు కడుపులో ఉండిపోయింది.

ఇంతకీ నేను చేసిన నేరం ఏమిటి? నా గురక నేనే ఫోనులో పట్టి, ఇది మీ అక్కదని బేకరీ వాళ్ళకి వినిపించా. వాళ్ళు నవ్వారు. నవ్వు ఒంటికి మంచిదని డాక్టర్లే చెప్తారు. మీ అక్క నా నెత్తి మీద నిలబడి దాన్ని చెరిపించే దాకా ఊరుకోలేదు. అంత మంచి గురక మళ్ళీ పడుతుందా?

సరే, ఇక్కడి సంగతి. ఏటేటా కాటాలకి సర్కారు ముద్ర పడే ముందు గోడౌన్లన్నీ తిరిగి వాటిని సరిచేసే పని నాది, నీకు తెలుసు. ఈసారి ఈ ఊళ్ళో గోడౌన్లు ఎక్కువ, కాబట్టి మకాం ఇక్కడే. లాడ్జి మేనేజరు మహా మర్యాదస్తుడు. పొద్దున్నే తువ్వాలు పట్టుకొచ్చి, "సార్, మీ గదిలో ఏదైనా మోటారు నడుస్తోందా?" అన్నాడు. "అవునండీ, నీళ్ళ మోటారు, ఎక్కడికెళ్ళినా వెంట తీసుకెళ్తా" అన్నా. పాపం మంచం కిందికి కూడా దూరి వెతికాడు. బూజుతో బయటికొచ్చాక నిజం చెప్పా.

అతనేం చేశాడో తెలుసా? పక్క వీధిలో ఎవరో ఒకావిడ యోగా చేయించి, గిన్నెలు మోగించి జబ్బులు నయం చేస్తుందట. లాడ్జిలో దిగినవాళ్ళకి ఉచితం. "మీకు మాత్రం ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తాను సార్. మీరొక్కరే ఉంటారు. ఇంకెవర్నీ రానివ్వరు" అన్నాడు. అది గౌరవమో, మిగతా జనం క్షేమం కోసమో అర్థం కాలేదు.

రేపు వెళ్తున్నా. గురక పోతే మీ అక్క దగ్గరికి వస్తా. పోకపోతే ఆవిడ గిన్నెలతో కాసేపు ఆడుకుని వస్తా.

మీ అక్కకి ఈ ఉత్తరం సంగతి తెలిసిందో, నీ పళ్ళు నువ్వే కట్టుకోవాలి.

మీ బావ.

•

పళ్ళ ఆస్పత్రి,
వెనక గది.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. డాక్టరుగారే చేతికిచ్చారు, కాబట్టి డబ్బాల వెనక నక్కే అవసరం రాలేదు. మీరు వెళ్ళే ముందు నేను చేసిన పై వరస పళ్ళ సెట్టు తీసి మన చక్కెర డబ్బాలో పెట్టారు. అది ఒక పెద్దాయనది. ఆయన నోరు ఇంకా తీపిగా ఉందంటున్నారు. ఇది తమాషా కాదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇంట్లో అందరూ క్షేమం. అందరూ అంటే ముందు గదిలో నేను, వెనక గదిలో అక్క. అక్క ఎప్పట్లాగే తెల్లవారకముందే బేకరీకి వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి పడుకుంటోంది. మీరు లేకపోవడంతో ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, గడియారం చప్పుడు కూడా వినిపిస్తోంది. నిన్న అక్క దాన్ని గోడ మీంచి దించి బ్యాటరీ తీసేసింది.

అక్క చాలా సంతోషంగా ఉంది. హాయిగా నిద్రపోతోంది. మీరు నాకు ఉత్తరం రాసినట్టు అక్కకి తెలియదు. అలా రాయమంది.

ఇట్లు,
మీ బావమరిది.

•

లాడ్జి,
అదే గది. పక్క గది ఖాళీ అయింది, ఎదురు గది ఖాళీ అవుతోంది.

ఒరేయ్ అమాయకుడా,

నీ ఉత్తరం చివరి రెండు వాక్యాలు మేనేజరుకి చదివి వినిపించా. అతను కూడా నవ్వాడు, ఇంకోసారి చదవమన్నాడు. పోనీలే, నీకు అబద్ధం చెప్పడం చేతకాదని నాకెప్పట్నించో తెలుసు. మీ అక్క హాయిగా నిద్రపోతోందన్నావు చూడు, అది మాత్రం గుచ్చుకుంది. నేను లేకపోతే అంత హాయా?

ఇప్పుడు వైద్యం సంగతి విను. ఒక లాండ్రీ దుకాణం పైన మేడ. మెట్లెక్కుతుంటే ఇస్త్రీ ఆవిరి మనతోపాటు ఎక్కుతుంది. పైన పొడుగాటి గది, పసుపు పచ్చ కర్టెన్, చాపలు. బట్ట మీద వరసగా గిన్నెలు, చిన్నవీ పెద్దవీ. మూలన ఒక పళ్ళెం లాంటి గంట వేలాడుతోంది, గోడౌన్ కాటా పలకంత ఉంటుంది. ఆ గిన్నెల మధ్య సన్నగా, పొడుగ్గా, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ కూర్చుంది. గిన్నెలమ్మ అని పేరు పెట్టేశా.

"ఏమిటి మీ బాధ?" అంది.

"నాకేం బాధ లేదండీ, పక్కవాళ్ళకి."

"మీ శరీరంలో ఎక్కడ బరువుగా అనిపిస్తుంది?"

"నా కాటా లాడ్జిలో ఉండిపోయింది. తెచ్చి తూచి చెబుతా."

నవ్వలేదురా. పైగా నా మాట రాసుకుంది. నవ్వని మనిషిని చూస్తే నాకు చేతులు దురద పెడతాయి. అప్పుడే అనుకున్నా, ఈవిడని వదలకూడదని. పడుకోబెట్టి గిన్నెలు మోగించేటప్పుడు మధ్యలో దిగ్గున లేచి కూర్చుని, గొంతు మార్చి, "నేను నీ చిన్నప్పటి పిల్లిని" అనాలని తీర్మానించుకున్నా.

ముందు యోగా. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు పైకి తిప్పి, నాలుక గడ్డం దాకా చాపి, సింహంలా గర్జించమంది. గొంతులో వదులైన కండలు బిగుస్తాయట. పదో క్లాసు దాటని నాకు కండల సంగతేం తెలుసు, గర్జించా. కింద లాండ్రీలో ఇస్త్రీ ఆగిపోయింది. ఎవరో మెట్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, అంతా బాగానే ఉందా?" అని అరిచారు. "బాగుంది, మీ పని చూసుకోండి" అంది, తొణక్కుండా. తర్వాత నోరు మూసుకుని తుమ్మెదలా ఝుమ్మనమంది. నోరు మూసుకోవడం నాకు కొత్త కదా, అక్కడే కష్టమైంది.

ఆ తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, నా పొట్ట మీద ఒక గిన్నె పెట్టి చిన్న కర్రతో కొట్టింది. ఒరేయ్, పేగులు లేచి నిలబడ్డాయి. ఆ చప్పుడు పోతూ పోతూ ఎక్కడికి పోతుందో వెతుక్కోమంది. వెతుకుతూ వెళ్ళా. పిల్లి మాట నోట్లోనే ఉండగా నిద్రపోయా.

లేచి చూస్తే ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. చెవులు నొప్పెట్టాయేమో అనుకున్నా. "మీరు గురక అందుకోగానే ఆ మూల గంట దానంతటదే మోగిందండీ" అంది. "ఇన్నేళ్ళూ నేను కొట్టి మోగించాను. కొట్టకుండా మోగడం ఇవాళే విన్నాను."

నన్నే ఆట పట్టిస్తోందేమోనని ముఖం పరీక్షగా చూశా. ఆ విద్య ఆవిడకి రాదు. "అంత నచ్చితే మొత్తం ఇక్కడే ఉంచేసుకోండి, నన్ను ఉత్తగా ఇంటికి పంపండి" అన్నా. "మీ జబ్బు నయం చెయ్యడం నా ధర్మం. రోజూ పొద్దున్నే రండి, చేస్తాను" అంది. అని, ఆ గంట వైపు ఒకసారి చూసింది, పెంచిన పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు చూసినట్టు.

రోజూ వెళ్తా. నిజంగానే వెళ్తా. ఇది తమాషా కాదు.

మీ బావ.

•

పళ్ళ ఆస్పత్రి,
వెనక గది.

బావగారికి నమస్కారాలు.

వానలు మొదలయ్యాయి. పైకప్పు మీద వాన బాగా పడ్డ రోజు అక్క కొంచెం... అంటే, వాన బాగా పడుతోంది.

మీ వైద్యం సంగతి చదివి సంతోషించాను. కానీ తొందరపడకండి. మా డాక్టరుగారు కూడా ఏదీ తొందరగా పీకకూడదంటారు. ఒక్క సందేహం. ఆవిడ గురకని పూర్తిగా తీసేస్తుందా, లేక కొంచెం మిగులుస్తుందా? మిగిల్చే పద్ధతి ఉంటే కనుక్కోగలరు. ఊరికే అడుగుతున్నాను.

బేకరీలో ఒక ట్రే బన్నులు మాడాయి. ఓనరు ఏమీ అనలేదు. ఇంకో ట్రే మాడాక అన్నాడు. అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొయ్యి వేడి అంటోంది. ఇన్నేళ్ళుగా అదే పొయ్యి.

పిండి మరకి ఆనుకుని ఉన్న గది ఏదైనా అద్దెకి దొరుకుతుందా అని అక్క వాకబు చేస్తోంది. ఎందుకో నాకు తెలియదు. తెలిసినా చెప్పకూడదు.

ఇట్లు,
మీ బావమరిది.

•

లాడ్జి.
మేడ మొత్తం మీద నేనొక్కడినే.

ఒరేయ్ బావమరిదీ,

పిండి మర పక్క గదా? అర్థమైందిరా. ఆ గది నాకోసమే చూస్తోంది. మర చప్పుడులో నా గురక కలిసిపోతుందని, నన్ను అక్కడ పారేసి, భోజనం వేళకి క్యారియర్ పంపుదామని. బాగుంది. ఇంతకాలం కాపురం చేసి చివరికి పిండి బస్తాల మధ్య. నువ్వు దాచాలని చూశావు, కానీ నీ కలానికి దాపరికం చేతకాదు.

అందుకే ఇక్కడ నేను ప్రాణం పెట్టి గర్జిస్తున్నా. రోజూ పొద్దున్నే సింహం, తుమ్మెద, ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం, ముక్కు ఒకవైపు మూసి ఒకవైపు తెరవడం. గోడౌన్లో కాటా కింద దూరినప్పుడు కూడా నాలుక చాపి సాధన చేస్తున్నా. హమాలీలు నాకు దూరంగా నడుస్తున్నారు.

దీనికి ఇంకో సగం ఉంది, ఎవరికీ చెప్పకు. గిన్నెలమ్మ ఒకరోజు నసిగి నసిగి అడిగింది, "మధ్యాహ్నాలు కూడా వచ్చి కాసేపు పడుకుంటారా?" అని. మధ్యాహ్నం ఆవిడ దగ్గరికి నిద్ర పట్టని వాళ్ళు వస్తారు. నేను పసుపు కర్టెన్ వెనక గురక పెడితే, గంట దానంతటదే మోగితే, వాళ్ళకి నిద్ర పడుతోంది. అంటే పొద్దున్న నా జబ్బుకి వైద్యం, మధ్యాహ్నం అదే జబ్బుతో ఊరి వాళ్ళకి వైద్యం. రెండూ ఆ గదిలోనే, రెండూ ఆవిడే. ఇది ఎలా కుదురుతుందని అడిగా. ఆలోచించి, "పొద్దున్న పొద్దున్నే, మధ్యాహ్నం మధ్యాహ్నమే" అంది. అంత చదువుకున్న మనిషి చెప్పాక నేనేమంటాను.

కర్టెన్ వెనక మనిషి ఉన్నాడని వచ్చేవాళ్ళకి తెలీదు. ఏదో పెద్ద వాయిద్యం అనుకుంటున్నారు. పని మానేసిన ప్లీడరు ఒకాయన ఉన్నాడు. కోర్టుకి వెళ్ళడం మానేసినప్పట్నించీ నిద్ర లేదట. రోజూ వచ్చి ముందు చాప మీదే పడుకుంటాడు. "అది కంచుతో చేసిందా, ఇత్తడితోనా?" అని అడిగాడట. "పాత సరుకు, ఇప్పుడు తయారు కావడం లేదు అని చెప్పండి" అన్నా. ఆవిడ అబద్ధం ఆడదు కాబట్టి, ఆలోచించి, అది అబద్ధం కాదని తేల్చుకుని, చెప్పింది. ఆయన దాన్ని ఫోనులో పట్టుకుంటానంటే మాత్రం ససేమిరా అంది. పట్టి దాచిన ధ్వనికి ప్రాణం ఉండదట.

నాకు జలుబు చేసిన రోజు వాయిద్యం తుమ్మింది. ప్లీడరు లేచి కూర్చుని, "తీగ తెగిందా?" అన్నాడు.

కానీ ఈ మధ్య గంట మోత పలచబడుతోంది. పొద్దున్న సింహం గెలుస్తోందన్నమాట. మొన్న ప్లీడరు, "ఈ వాయిద్యం నాణ్యత పడిపోతోంది" అని లేచి కర్టెన్ లాగేశాడు. బనీనుతో, నోరు తెరుచుకుని, నేను. ఏం చేశాడనుకున్నావు? చేతులు కట్టుకుని నిలబడి, నా వైద్యం ఆపాలని గిన్నెలమ్మ ముందు వాదన మొదలెట్టాడు. ఇంతమందికి ఉపకరిస్తున్న దాన్ని ఒక వ్యక్తి సొంత లాభం కోసం నాశనం చేసే హక్కు ఎవరిచ్చారు అన్నాడు. నేను కూడా ఒప్పేసుకునేవాణ్ణి, అంత బాగా వాదించాడు. "ఇంటికి రానివ్వరండీ" అన్నా. ఆయన కట్టుకున్న చేతులు విప్పేశాడు. వెళ్ళి చాప మీద కూర్చున్నాడు.

మర పక్క గదికి అడ్వాన్సు ఇవ్వొద్దని మీ అక్కకి చెప్పు. కాదు, చెప్పకు. నేను వచ్చి చూపిస్తా.

మీ బావ.

•

ఇల్లు,
ముందు గది.

బావగారికి,

నమస్కారాలు తర్వాత. అక్క నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి రాస్తున్నాను.

ఆ మర పక్క గది మీకు కాదు. తనకి.

మీరు వెళ్ళినప్పట్నించీ అక్కకి నిద్ర లేదు. మీ గురక లేనిదే కన్ను మూతపడటం లేదు. ఈ మాట మీకు తెలిస్తే జన్మంతా ఏడిపిస్తారని, చచ్చినా చెప్పొద్దంది. ముందు గడియారం మీద అనుమానపడింది. తర్వాత నీళ్ళ మోటారు వేసుకుని పడుకుంది. ట్యాంకు పొంగి పక్కింటి మంచాల కిందికి నీళ్ళు వెళ్ళాయి. తర్వాత నన్నే పెట్టమంది, గురక. అవును, నన్నే. గోడకి ఇవతల కూర్చుని పెట్టాను. "గురకా అది, కోడిని తరుముతున్నట్టుంది, ఆపరా" అంది. రోజూ ప్రయత్నించాను బావగారూ. గొంతు పోయింది. ఆస్పత్రిలో పేషంట్లని సైగలతో పిలుస్తున్నాను.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది. కానీ మొన్న పొయ్యి ముందు నిలబడే కునుకు తీసింది. చెయ్యి పొయ్యి తలుపుకి తగిలింది. కుడి అరచెయ్యి, వేళ్ళ దాకా. కట్టు కట్టించాను. చెయ్యి మానాక ఒక వారం చూస్తానని, మళ్ళీ ఇలా జరిగితే పొయ్యి దగ్గరికి రావొద్దని ఓనరు చెప్పేశాడు. పొయ్యి దగ్గర తప్ప అక్క ఇంకెక్కడా ఉండలేదు, మీకు తెలుసు.

వైద్యం వెంటనే ఆపండి. ఎంత మిగిలి ఉంటే అంత పట్టుకుని రండి.

ఇట్లు,
మీ బావమరిది.

•

లాడ్జి.

ఒరేయ్ బావమరిదీ,

పోయింది. గురక పోయింది. పూర్తిగా, మచ్చుకి కూడా లేకుండా.

నిన్న మధ్యాహ్నం కర్టెన్ వెనక పడుకున్నా. గంట కదల్లేదు. ప్లీడరు వచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడట, బతికే ఉన్నానా అని. గిన్నెలమ్మ నాకు దణ్ణం పెట్టింది. "మీకు నయమైంది. నాకు సంతోషంగా ఉండాలి" అంది. లాడ్జి మేనేజరు పక్క గదిలో పడుకుని పరీక్షించి, సార్, గోడ అవతల ఎవరూ లేనట్టుంది అన్నాడు.

ఒక్క గోడౌన్ మిగిలింది. అది అయిపోగానే బయల్దేరతా. మీ అక్క పక్కన పడుకుంటా, ఆమె తట్టి లేపి చూడాలి, ఉన్నానా పోయానా అని.

మీ బావ.

•

లాడ్జి.

ఒరేయ్,

నా ఉత్తరం అటు వెళ్ళగానే నీది ఇటు వచ్చింది.

చక్కెర డబ్బాకి ఇది బదులన్నమాట. మంచి ప్రయత్నం. నీకు చిన్న అబద్ధాలు చేతకావు కాబట్టి ఇంత పెద్దది ఆడావు. మీ అక్క నా గురక లేక నిద్రపోలేదా? ఇన్నేళ్ళు దిండుతో నా ముఖం మూసిన మనిషి. గోడ పక్కన కూర్చుని నువ్వు గురక పెట్టిన ముక్క మాత్రం బాగుంది, నేను రాసినా అంత బాగా వచ్చేది కాదు.

కానీ చెయ్యి కాలిందని రాశావు చూడు, అది బాగాలేదు. నేను ఎన్ని వేషాలు వేసినా ఒంటికి దెబ్బ తగిలిందని మాత్రం ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. నువ్వు ఆడవు కూడా. అదే నన్ను తినేస్తోంది. పొద్దున్నించీ ఒక్క కాటా సరిగ్గా సరిచెయ్యలేదు.

నిజమైతే మీ అక్కని తన చేత్తో ఒక్క ముక్క రాయమను.

మీ బావ.

•

ఇల్లు.

ఏమండీ,

కుడి చేతికి కట్టు ఉంది. ఎడమ చేత్తో రాస్తున్నా, అక్షరాలని వెక్కిరించకండి. వాడు రాసిందంతా నిజం.

దీని మీద ఒక్క జోకు వేసినా ఆ లాడ్జిలోనే ఉండిపోండి. వెయ్యకుండా ఉండగలిగితే రండి.

•

ఇల్లు,
వెనక గది.

ఒరేయ్ బావమరిదీ,

నేను ఇటు రావడం, నిన్ను డాక్టరుగారు పళ్ళ శిబిరానికని అటు లాక్కుపోవడం. ఇద్దరం ఒకచోట ఉంటే ఊరికి మంచిది కాదని ఎవరో కనిపెట్టినట్టున్నారు. మళ్ళీ ఉత్తరాలే గతి.

మీ అక్క చెయ్యి చూశా. చూసి, జోకు వెయ్యలేదు. రాలేదు కూడా. బొబ్బలు అణిగాయి, కొత్త చర్మం వస్తోంది. వచ్చే వారం బేకరీకి రమ్మన్నారు, ఒక వారం చూస్తారట.

ఇప్పుడు నీకొకటి చెప్తా, ఒట్టు వెయ్యి. అక్కడి నుంచే నీ తల మీద నీ చెయ్యే పెట్టుకో. నా గురక పోయిన సంగతి మీ అక్కకి చెప్పలేదు. నీకు రాసింది నువ్వూ చెప్పలేదని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. గుమ్మంలోనే అడిగింది, "ఉందా?" అని. "ఉంది" అన్నా. ఏం చెయ్యమంటావు? ఆ కళ్ళు చూస్తే నువ్వైనా అదే అంటావు.

సాయంత్రం ఆమె పడుకోగానే నేనూ పడుకుని, మొదలుపెట్టా. మెలకువగా ఉండి గురక పెట్టడం ఎంత కష్టమో నీకు తెలుసు, నీకొక్కడికే తెలుసు. నా జన్మలో ఎన్నో వేషాలు వేశా. పెళ్ళిలో మూగవాడి వేషం, రైల్లో టికెట్ కలెక్టర్ వేషం. నిద్రపోతున్న మొగుడి వేషం మాత్రం ఇదే మొదలు. గిన్నెలమ్మ నా గొంతు కండలన్నీ బిగించేసింది కదా, బలవంతంగా వదులు చెయ్యాలి. బండి ఇరుసు అరిగినట్టు అరుస్తోంది గొంతు.

కానీ పని చేస్తోందిరా. కాసేపటికే మీ అక్క కదలకుండా పడుకుంటుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. అప్పుడు నేను ఆపి, పక్కకి తిరిగి పడుకుంటా. రోజూ ఇదే. ఇంత పెద్ద మోసం చేసి ఎవరికీ చెప్పుకోలేకపోవడమే నా బాధ. నీకు చెప్పాను కాబట్టి కొంచెం తేలికైంది.

మీ బావ.

•

పళ్ళ శిబిరం,
బడి వరండా.

అక్కకి, బావగారికి,

ఈ ఉత్తరం ఇద్దరూ కలిసి కూర్చుని చదవాలి. ఎవరికి ముందు అందితే వాళ్ళు రెండోవాళ్ళని పిలిచి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, అప్పుడు విప్పాలి. విప్పేసి ఉంటే మళ్ళీ మడిచి, పిలిచి, విప్పండి.

నాకు ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింట్లోనూ ఒట్టు వెయ్యమనే ఉంది. నా తల ఒక్కటే. మీ ఇద్దరి మధ్యా నేను పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉన్నాను. ఇక నా వల్ల కాదు.

అక్కా, బావగారికి గురక పోయింది. నువ్వు వింటున్నది వేషం.

బావగారూ, ఆ సంగతి అక్కకి మొదటి రోజే తెలిసింది. ఏం రాసిందో ఇక్కడ ఎక్కిస్తున్నాను. "ఆయన అసలు గురకలో మధ్యలో ఊపిరి ఆగిపోయి, కొంతసేపటికి మళ్ళీ అందుకునేదిరా. ఆ అందుకునే దాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. అందుకోగానే నిద్ర పట్టేది. ఇప్పుడు రంపం లాగినట్టు ఒకే తీరున లాగుతున్నారు. పాపం గొంతు పోయేట్టుంది. నేను కళ్ళు మూసుకుని నిద్రపోయినట్టు పడుకుంటే గానీ ఆపడం లేదు. ఆపి, హాయిగా నిద్రపోతున్నారు. నేను పైకప్పు చూస్తూ పడుకుంటున్నా. ఆయనకి చెప్పకు."

కాబట్టి ప్రస్తుతం మన ఇంట్లో గురక పెట్టని మనిషి గురక పెడుతున్నాడు, నిద్రపోని మనిషి నిద్రపోతోంది. ఎల్లుండి నుంచి అక్క పొయ్యి ముందు నిలబడాలి. ఇక్కడ ఒక ముసలాయన దవడ కొలత రెండుసార్లు తప్పు తీశాను. ఆయన ఏమైంది బాబూ అంటే, మా ఇంట్లో ఇద్దరికీ బాగాలేదన్నాను.

మీరేం చేసుకుంటారో చేసుకోండి. నన్ను మాత్రం ఇంక దేని మీదా ఒట్టు అడగొద్దు.

ఇట్లు,
మీ ఇద్దరి వాడు.

•

ఇల్లు,
బల్ల దగ్గర.

ఒరేయ్ ద్రోహీ,

నువ్వు చెప్పినట్టే చేశాం. ఉత్తరం మీ అక్కకే అందింది. విప్పేసింది. మళ్ళీ మడిచి, నన్ను పిలిచి, విప్పింది. పైకి చదివింది కూడా తనే. తను రాసిన ముక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, గబగబా చదివేసి, కాగితం బల్ల మీద పెట్టింది.

ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. "రంపమా?" అన్నా. "రంపమే" అంది. నాకే ముందు నవ్వొచ్చింది. ఆ కాగితంతోనే ఎడమ చేత్తో ఒక్కటిచ్చింది.

ఆ సాయంత్రం పడుకున్నాం. ఇద్దరికీ ఏం చెయ్యాలో తెలీదు. వేషాలు లేకుండా పడుకోవడం అలవాటు తప్పిపోయింది. చాలాసేపు పైకప్పు చూశాం. తర్వాత మీ అక్క, "ఆ గిన్నెల గది ఎలా ఉంటుందో చెప్పండి. ఏమీ కలపకుండా, ఉన్నదున్నట్టు" అంది.

ఉన్నదున్నట్టు చెప్పడం నాకేం వచ్చురా? అయినా మొదలుపెట్టా. లాండ్రీ మెట్లు. ఆవిరి. పసుపు పచ్చ కర్టెన్, దాని కింది అంచు కొంచెం చిరిగింది. కిటికీకి గడియ సరిగ్గా పడదు, కాగితం మడిచి దోపారు. చాపలు గోడ వైపు ఇన్ని, తలుపు వైపు ఇన్ని. మీ అక్క ఊ కొడుతోంది. బట్ట మీద మొదటి గిన్నె చిన్నది, దాని అంచు నున్నగా అరిగింది. ఊ. రెండో గిన్నె దానికంటే కాస్త పెద్దది, లోపల నల్లటి చార ఉంటుంది.

ఊ రాలేదు.

నేను నమ్మలేదు. మీ అక్క వేషాలు ఈ మధ్యే తెలిశాయి కదా. ముఖం మీద చెయ్యి ఊపి చూశా. అరికాలు గీరి చూశా, నిద్రలోనే తన్నింది. ఆపితే లేస్తుందేమోనని భయమేసింది. అందుకని మూడో గిన్నె, నాలుగో గిన్నె, అలా చివరి దాకా ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయా. పెద్ద గంట గురించి కూడా, దాని తాడు ముడి గురించి కూడా.

ఇవాళ పొద్దున్నే బేకరీకి వెళ్ళింది. మధ్యాహ్నం ఒక బన్ను తెచ్చి నా ముందు పెట్టింది. ఎర్రగా, మెత్తగా కాలింది. ఎక్కడా నలుపు లేదు.

నా మాటలకి నవ్విన వాళ్ళున్నారు, తిట్టిన వాళ్ళున్నారు, ఒకడు కేసు పెడతానన్నాడు. నిద్రపోయిన వాళ్ళు మాత్రం ఇంతవరకు లేరు. ఎంత అవమానమో నువ్వే ఆలోచించు. గిన్నెలు అయిపోయాయి కాబట్టి, ఇవాళ్టికి ఆ చివరి గోడౌన్ సంగతి మొదలుపెడదామనుకుంటున్నా. అందులో అసలు ఏమీ జరగదు.

మీ బావ.